ముందు ఆ వేలు కదపండి

ఈగ వచ్చి ఆమె ముక్కు మీద వాలింది.

తోలుకుందామంటే చెయ్యి లేవలేదు. మెడ తిరగలేదు. గొంతులో గొట్టం, నోరు విప్పడానికీ లేదు. ఊళ్లో సగం మందికి కారు నేర్పి, "బ్రేకు! బ్రేకు తొక్కవయ్యా!" అని వీధి దద్దరిల్లేలా అరిచిన మనిషి ఆమె.

"ఏం మేడమ్, ఈగకి కూడా లోకువైపోయారా?"

దిండు పక్కన ఒక ముఖం. నెరిసిన గడ్డం, కొంటె కళ్లు. ఎవరో తెలియదు.

ఆమె కళ్లతోనే ఉరిమి చూసింది.

"అబ్బో, కోపం కూడానా! అయితే మాటలు వినబడుతున్నాయన్నమాట. అవునంటే ఒకసారి రెప్ప వెయ్యండి, కాదంటే రెండుసార్లు."

మంచాన పడ్డాక ఆమెను ఎవరైనా ఒక మాట అడగడం అదే మొదలు. మిగతావాళ్లంతా ఆమె మీదుగా మాట్లాడుకుంటున్నారు.

ఒకసారి రెప్ప వేసింది.

"సిస్టర్! ఇక్కడ ఈగ, కాస్త తోలండి" అని కేకేశాడాయన.

తను చెయ్యెత్తి తోలితే అరిగిపోతాడా? ఆమెకు ఒళ్లు మండింది. మనసులోనే ఆయనకు పేరు పెట్టేసింది: వెటకారం.

డాక్టరమ్మ అక్కతో చెప్పినదంతా ఆమె వింది.

"జ్వరం తగ్గాక, క్రిములతో పోరాడాల్సిన ఒంట్లోని బలగం పొరబడి నరాల మీద పడింది. కరెంటు తీగకున్నట్టే నరానికీ తొడుగుంటుంది. అది ఊడిపోయింది. మెదడు 'కదులు' అంటూనే ఉంది, ఆ కబురు కాలిదాకా చేరడం లేదు."

"మళ్లీ లేస్తుందా?"

"చాలామందికి తొడుగు మళ్లీ పడుతుంది. కొందరికి..."

అక్క ఆ 'కొందరి' దగ్గరే ఆగిపోయింది.

ఓ మధ్యాహ్నం తమ్ముడొచ్చాడు. ఆమె మంచం పక్కనే కూర్చున్న పెద్దక్కతో గొంతు తగ్గించి అన్నాడు. "డ్రైవింగ్ స్కూలు బోర్డు తీసేద్దామనుకుంటున్నానే. ఇంకెవరు నడుపుతారు?"

ఆమె రెండుసార్లు రెప్ప వేసింది. మళ్లీ రెండుసార్లు. ఎవరూ చూడలేదు.

"ఆవిడ వద్దంటోందయ్యా!" గుమ్మం వైపు నుంచి వెటకారం గొంతు. "బతికున్న మనిషిని అడక్కుండా బోర్డెలా పీకుతావ్? కళ్లు చూడు!"

తమ్ముడు బిత్తరపోయి వంగి చూశాడు. రెండు రెప్పలు.

"నీకు... వినబడుతోందా అక్కా?" భోరుమన్నాడు.

వాళ్లు వెళ్లాక ఆ ముఖం మళ్లీ దిండు పక్కకు చేరింది.

"థాంక్స్ చెబుతారేమోనని చూస్తున్నా."

రెండు రెప్పలు.

"ఎంత పొగరు! బోర్డుంటే చాలదు మేడమ్, బ్రేకు తొక్కే కాలేదీ? ముందు ఆ బొటనవేలు కదపండి, అప్పుడు ఒప్పుకుంటా."

రోజూ వచ్చేవాడు. రోజూ అదే పాట.

"కదల్లేదా? అంతేలెండి. సొంత నరాలే మీ మాట వినవు, ఇక శిష్యులేం వింటారు!"

హాయిగా తిరిగే మనిషి, నీకేం తెలుసు నా బాధ? లేచిన రోజు ముందు నిన్నే దులిపేస్తాను, ఉండు!

కళ్లు మూసుకుని, మొండి శిష్యుణ్ని అదిలించినట్టు వేలిని అదిలించేది. కదులు. కబురు దారిలో ఎక్కడో తప్పిపోయేది. మళ్లీ పంపేది. కదులు, కదలవేం!

ఒక ఉదయం కాళ్ల దగ్గర దుప్పటి అంచు కదిలింది.

నర్సు కేక పెట్టింది. అక్క పరిగెత్తుకొచ్చింది. రావాల్సినవాడు మాత్రం రాలేదు. మర్నాడూ రాలేదు.

వేలు తర్వాత పాదం. పాదం తర్వాత మోకాలు. గొట్టం తీయగానే ఆమె అన్న మొదటి మాట, "ఆ వెటకారం ఏడీ?"

"పై అంతస్తు ఆయనా? ముందు మీరు నిలబడండి" అని నర్సు మాట తప్పించింది.

ఇంటికెళ్లే రోజు, లిఫ్టుందని అందరూ మొత్తుకుంటున్నా చేతికర్రతో మెట్లే ఎక్కింది. ఎక్కుతూ తిట్లన్నీ వరుసగా సర్దుకుంది.

పైగదిలో మంచం ఖాళీ. పరుపు చుట్టేసి ఉంది.

"మీ వేలు కదిలిన మర్నాడే పోయారు" అంది నర్సు. "ఊపిరితిత్తుల్లో నెమ్ము. మీరు బెంగపడతారని చెప్పలేదు. వేలు కదిలిందంటే ఎంత నవ్వారో! 'ఇక చూస్కోండి, నన్ను తిట్టడానికి మెట్లెక్కి మరీ వస్తుంది' అన్నారు."

ఆమె మంచం కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"ఇంతకీ ఎవరాయన? డాక్టరా?"

నర్సు వింతగా చూసింది. "అవున్లెండి, మీరు పడుకునే చూశారు, ముఖం తప్ప ఇంకేమీ కనబడి ఉండదు. ఈ జబ్బుతో ఎవరు చేరినా తన చక్రాల కుర్చీ కిందికి తోయించుకునేవారు. ఆయన్ని పట్టిందీ ఇదే జబ్బు, ఎన్నో ఏళ్లయినా మెడ కింద ఒక్క వేలు కూడా మళ్లీ కదల్లేదు."