కొండ దగ్గర దిగని మనిషి

కొండ మొదట్లో ఎలుబి సైకిలు ఆపింది. వెనక కూర్చున్న మనిషి దిగలేదు.

"కొండొచ్చింది పెద్దాయనా."

"చూశానమ్మా."

"ఇక్కడ దిగి నడవాలి. పైకెళ్ళాక మళ్ళీ ఎక్కుదురుగాని."

"నేను దిగను."

ఎలుబికి ఒళ్ళు మండిందంటే మండదూ మరి. కబాజా సైకిలు కిరాయికి ఎక్కిన మనిషి ఎవరైనా సరే, ఆ కొండ దగ్గర దిగాల్సిందే. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు దిగుతారు. పాస్టరుగారు దిగుతాడు. ఈయనకేం వచ్చింది?

పైగా మగవాడై ఉండి, ఆడవాళ్ళలాగా కాళ్ళు రెండూ ఒకే పక్కకి వేసుకుని కూర్చున్నాడు.

సంతలో బేరాలు కుదిర్చే వైసనూ వాడి తమ్ముడూ ఈ బేరం తెచ్చి ఎక్కించినప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. మనిషి ఎక్కేటప్పుడు రెండు కాళ్ళూ నేలకి ఆనించి, హ్యాండిలు బిగించి పట్టుకుని, ముందుకే చూస్తూ కూర్చోవాలి. లేదంటే సైకిలు ఒరిగిపోతుంది.

"నాలుగడుగులు వేస్తే కాళ్ళు అరిగిపోతాయా పెద్దాయనా?"

ఆయన నవ్వాడు. "అరిగిపోతాయమ్మా."

పొద్దున్నించీ తొక్కి తొక్కి, ఎలుబికి తిట్టడానికి కూడా ఓపిక లేదు.

"నీ మోకాలు ఎన్నాళ్ళ నుంచి నొస్తోంది?" అన్నాడాయన.

"ఎవరు చెప్పారు?"

"సంత నుంచీ వింటున్నా. కుడికాలు తొక్కినప్పుడల్లా ఊపిరి బిగబడుతున్నావు."

నిజమే. రోజూ సాయంత్రానికి మోకాలు ఉబ్బిపోతోంది. ఉప్పునీళ్ళ కాపడం పెట్టుకుని పడుకుంటే, పొద్దున్నే లేవడం గండంగా ఉంది. ఈ వారం కూడా నాగాలు పెడితే సైకిలు ఇంకొకరికి ఇచ్చేస్తానని యజమాని మొహాన్నే చెప్పేశాడు. సైకిలు పోతే ఇంట్లో ముగ్గురు పిల్లలకీ మొక్కజొన్న పిండి న్సీమా ముద్ద కూడా ఉడకదు.

"సీటు మరీ కిందికుంది," అన్నాడు ముసలాయన.

"ఇక్కడ అందరిదీ అంతే. కాళ్ళు నేలకి ఆనకపోతే మనుషుల్ని ఎలా ఎక్కించుకుంటాం? పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి."

"ఏ పెద్దవాళ్ళు?"

"ఏమో. మొదట్లో తొక్కినవాళ్ళు."

ఆయన జేబులో చెయ్యి పెట్టి ఏదో తడుముకున్నాడు.

"వాళ్ళకి తెలీదమ్మా," అన్నాడు చివరికి. "నువ్వు సీటు దిగి, ముందు గొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడు."

పోట్లాడేకంటే నిలబడ్డమే తేలికని నిలబడింది. ఆయన జేబులోంచి పానా తీశాడు. కూర్చున్న చోటినించే బోల్టు వదులు చేసి, సీటు పట్టుకుని లాగాడు. తుప్పు పట్టిన గొట్టం కిర్రుమంటూ పైకొచ్చింది. మళ్ళీ బిగించాడు.

"ఆ కల్వర్టు గోడ మీద ఎడమకాలు ఆనించి ఎక్కు. కుడి పెడలు కిందికి తోసి, మడమ పెట్టి చూడు. కాలు తిన్నగా చాచుకుందా?"

"ఆఁ."

"అదే నీ కొలత. తొక్కేది మాత్రం మడమతో కాదు. వేళ్ళ మొదళ్ళతో."

"నాకు నేల అందట్లేదు. పడితే ఇద్దరం పడతాం."

"మనిషిని ఎక్కించుకునేటప్పుడు ఇందాకట్లా సీటు దిగి ముందుకొచ్చి నిలబడు. కూర్చునే కాళ్ళు ఆనించాలని ఏముంది?"

ఎలుబి నడుముకి చుట్టుకున్న చితెంజె గుడ్డ పైకి దోపుకుని తొక్కడం మొదలుపెట్టింది.

"కొండ చివరికి చూడకు, గుండె జారుతుంది. ముందు చక్రం చూసుకో."

"ఊఁ."

"హ్యాండిలు పీకకు. అది మనల్ని పైకి లాగదు. చేతులు వదులుగా ఉంచు."

"ఊఁ."

"రోడ్డు ఖాళీగా ఉంది. ఆ వార నుంచి ఈ వారకి వంకర్లు తిప్పుతూ తొక్కు."

నోరు బాగానే పనిచేస్తోంది, కాళ్ళకే వచ్చింది రోగం అనుకుంది ఎలుబి.

సగం కొండెక్కాక గమనించింది. ఊపిరి ఆడట్లేదు, చెమట కారిపోతోంది, మోకాలు మాత్రం కిక్కురుమనట్లేదు.

ఆ మాట ఆయనకి చెప్పలేదు. చెబితే ఇంకా పాఠాలు మొదలెడతాడు.

పైన బస్సులు ఆగే చోటికి వచ్చారు.

"ఆ కొట్టు గోడ పక్కన ఆపమ్మా. ఇంకా దగ్గరగా. ఇంకొంచెం."

"గోడలోకి దూరమంటారా?"

ఆయన గోడ పట్టుకుని మెల్లగా జారి నిలబడ్డాడు.

"కొండకి విడిగా ఇవ్వాలి," అంది ఎలుబి. "దిగలేదుగా."

మారుమాట లేకుండా ఇచ్చాడు. పానా కూడా ఆమె చేతిలో పెట్టాడు.

"నాకింక దీంతో పనిలేదు. సంతలో మిగతావాళ్ళ సీట్లు కూడా పైకి పెట్టు. వింటారో వినరో, చెప్పు."

"చూద్దాంలెండి."

కొండ దిగుతూ మలుపు దగ్గర వెనక్కి చూస్తే, ఆయన ఇంకా గోడ పట్టుకుని అక్కడే ఉన్నాడు. సరిగ్గా కూర్చున్నానో లేదో చూస్తున్నాడు కాబోలు, చాదస్తం, అనుకుంది.

ఎండ వాలుతుండగా ఉల్లిపాయల బస్తాతో మళ్ళీ పైకి వచ్చింది. బస్సు వెళ్ళిపోయింది. గోడ దగ్గర ఎవరూ లేరు. పక్కనే మందాసీ బూరెలు వేయిస్తున్న ఫలెసి మాత్రం గరిటె ఆపి కొరకొరా చూసింది.

"ఏం మనిషివే ఎలుబీ. ఆయన్ని అలా గోడకి ఆనించి పోయావు. బస్సులోవాళ్ళు దిగొచ్చి ఎత్తుకుని ఎక్కించారు."

"ఎత్తడం ఎందుకు?"

"రెండు మోకాళ్ళూ పోయిన మనిషి అడుగెలా వేస్తాడే?"

ఎలుబి హ్యాండిలు గట్టిగా పట్టుకుంది. కాళ్ళు అరిగిపోతాయా అని తనే అడిగింది.

"ఎటు పోయాడు?"

"సరస్సు అవతల, కూతురి దగ్గరికి. ఇంక రాడు."

"ఎవరే ఆయన?"

ఫలెసి నూనెలో మందాసీలు తిరగేసింది.

"పేరు సాండిఫోలో. ఈ కొండకి మొట్టమొదటి కబాజా ఆయనదే. సీటు కిందికి దించుకుంటే కాళ్ళానతాయని మీ సంతలోవాళ్ళందరికీ నేర్పింది ఆయనే."