ముందెవరు?

"ఇంకాస్త స్పీడుగా పోనివ్వు బాబాయ్," అంది డ్రైవరు పక్కన కూర్చున్న అమ్మాయి. అంబులెన్సు వెనక భాగంలో వాళ్ల నాన్న ఉన్నాడు.

వెనక నుంచి నర్సు అద్దం మీద రెండుసార్లు తట్టింది. డ్రైవరు చెయ్యి ఎర్రలైటు స్విచ్చి దాకా వెళ్లి, వెనక్కొచ్చింది.

"ఏంటట?"

"ఏం లేదు తల్లీ."

కూడలిలో అడ్డంగా మరో అంబులెన్సు వచ్చింది. దాని మీదా లైటు తిరుగుతోంది.

"ఇద్దరూ ఒకేసారి ఎగబడితే ఎలా? ముందెవరు?" అన్నాడు ట్రాఫిక్ కానిస్టేబులు.

డ్రైవరు లైటు ఆర్పి, బండి పక్కకు తీశాడు.

"వాళ్లని పోనిస్తావేంటి బాబాయ్?"

"వాళ్లకింకా తొందరుందమ్మా."

ఆమె వెనక్కి తిరిగింది. అద్దం అవతల, నాన్న ముఖం మీది ఆక్సిజన్ మాస్కు తీస్తోంది నర్సు.

ఆమె మళ్లీ ముందుకి తిరిగింది.

"మెల్లిగా పోనివ్వు బాబాయ్. నాన్నకి కుదుపులు పడవు."