ఐదో ఓటు

"ఈ ఇంట్లో పెత్తనం ఏ ఒక్కరిదీ కాదు" అంటుంది ఓబుళమ్మ. ఏదైనా చేతులెత్తి తేల్చుకోవాల్సిందే.

కోడలు హిమజ సోమవారం నుంచి మళ్లీ రాయదుర్గం ఆఫీసుకు వెళ్లాలా, ఉద్యోగం మానేయాలా అన్నది ఇవాళ తేలాలి.

వెళ్తానని హిమజ చెయ్యెత్తింది. ఎప్పుడూ తల్లి మాటే వినే మొగుడు కూడా ఈసారి భార్య వైపు ఎత్తాడు.

"మేమిద్దరం, మీరొక్కరే అత్తమ్మా!"

ఓబుళమ్మ గోడమీద దండ వేసిన ఫోటో చూపించింది. "మీ మామ మనసు నాకు తెలీదా? ఆయనదీ నా పక్కే."

"పోయినవాళ్లకు ఓటేంటి? సరే, ఇద్దరికిద్దరం. ఇప్పుడెట్లా?"

"ఈ గొడవంతా ఎవరి కోసమో వాణ్నే అడుగుదాం."

ఓబుళమ్మ ఉయ్యాల్లోంచి ఐదు నెలల మనవణ్ని తీసుకుంది. "మాకు మూడు" అంటూ వాడి పిడికిలి పైకెత్తింది.

మొగుడు మెల్లగా చెయ్యి దించేశాడు.

పసివాడు తల్లిని చూసి కిలకిలా నవ్వాడు.