లీకు

“నిన్నటి నుంచి ఒకటే వాంతులమ్మా!”

ఫోన్లో పెద్దాయన గొంతు హుషారుగా ఉంది. ఆసుపత్రిలో రక్తాన్ని తిప్పే పంపు నడిపే టెక్నీషియన్ చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

పన్నెండు రోజుల క్రితం ఆయన భార్యకు కాలి మీది చర్మ క్యాన్సర్‌కి వైద్యం జరిగింది. తొడ దగ్గర బిగించి కట్టి, కాలికీ ఒంటికీ మధ్య రక్తం రాకపోకలు ఆపేసి, వేడి చేసిన మందును గంటన్నర సేపు ఆ ఒక్క కాల్లోనే తిప్పారు. అంత ఘాటు మందు ఒంట్లోకి కారిందంటే మనిషి తట్టుకోవడం కష్టం. కారకుండా కాపలా కాసింది తనే. లీకు చూపించే మీటరు మీంచి చూపు తిప్పితే ఒట్టు.

“తిండి సంగతేంటి?”

“ముద్ద దిగడం లేదు. దువ్వెన పెడితే చాలు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తోంది. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. మందు లీకైతే ఇవి వస్తాయని నువ్వు రాసిచ్చిన కాగితంలో ఉన్నవన్నీ వచ్చేశాయమ్మా!”

లీకైంది. తన కళ్ళు కప్పి ఎక్కడో లీకైంది!

“నిన్నటి నుంచీ ఏం చేస్తున్నారండీ? పైగా నవ్వుతున్నారేంటి?”

“నవ్వక ఏడవమంటావా తల్లీ! నలుగురు డాక్టర్లు కాలు తీసెయ్యాల్సిందేనన్నారు. మీరు నిలబెట్టారు. నీ కడుపు చల్లగుండ!”

“అవన్నీ తర్వాత. పెద్ద డాక్టరు గారికి చెప్పి మంచం సిద్ధం చేయిస్తాను. ఇప్పుడే రక్తపరీక్ష చెయ్యాలి. ముందు అమ్మగారికి ఫోనివ్వండి.”

“ఆవిడ ఇంట్లో లేదుగా. కూరగాయలకెళ్ళింది.”

“ఒంట్లో బాగోని మనిషిని బయటికెలా పంపారండీ?”

“నేనెక్కడ పంపాను, తనే వెళ్ళింది. ఆ కాలితోనే, నడిచి! పొద్దున్నే నాలుగు రొట్టెలు లాగించి మరీ వెళ్ళింది.”

టెక్నీషియన్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మరి… ఈ వాంతులు, జుట్టు ఊడటం?”

“అవి నాకమ్మా! ఆపరేషన్ గది బయట కూర్చుని, ఆవిడకి రాబోయే బాధలన్నీ నాకే ఇమ్మని దేవుణ్ణి అడిగా. ఒక్కటి కూడా మిగల్చకుండా ఇచ్చేశాడు, ఆ సంతోషం నీతో చెప్పుకుందామనే ఫోన్ చేశా!”