పచ్చిక పెట్టిన పరీక్ష

ఆ రోజుల్లో మైదానం చూసుకునేవాళ్లకు పరీక్ష పెట్టేది పచ్చికే. దానికి ఎంత హాయిగా ఉంటే అన్ని మార్కులు. ఏడో తరగతితో బడి మానేసిన నూకరత్నం, చంటిదాన్ని చంకనేసుకుని అనకాపల్లి స్టేడియంలో బిక్కుబిక్కుమంటూ నిలబడింది. పట్టా వస్తేనే ఉద్యోగం.

"దాహం, దాహం," అని గట్టున పెట్టిన స్పీకరులోంచి గునిసింది పచ్చిక.

ముందొచ్చిన డిగ్రీవాళ్లు ముగ్గురూ గబగబా నీళ్లు పట్టేసి తప్పారు. నూకరత్నం మట్టిలో వేలు పెట్టి చూసింది. తడిగానే ఉంది.

"నీకు దాహం కాదే, నిద్దరొస్తంది. పొద్దుట్నించి ఎంతమందికని పరీక్ష పెడతావు," అంటూ అలవాటు కొద్దీ పచ్చికను జోకొట్టింది.

పచ్చిక ఆవులించి, గురక పెట్టింది. బోర్డు మీద మార్కులు నూటికి నూరైపోయాయి.

"ఇంకా తొమ్మిది ప్రశ్నలున్నాయమ్మా," అన్నాడు పరీక్ష చూస్తున్న అధికారి.

"లేపితే మళ్లీ ఏడుస్తాది బాబూ. మీరే ఎత్తుకోవాల."

అధికారి బూట్లు విప్పి, మునివేళ్ల మీద నడిచొచ్చి, చప్పుడు కాకుండా పట్టా మీద ముద్ర వేశాడు.