హోల్‌సేల్ బట్ట కావలెను

దొంగతనం చెయ్యడం చిన్నబ్బాయికి పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా అమ్మడంలోనే వచ్చింది.

విశాఖలో ఓ గొడౌన్ తాళం పగలగొట్టి, సోఫా బట్ట తానులు వ్యాన్ నిండా వేసుకొచ్చేడు. అనకాపల్లిలో బావమరిది పరదేశి కాపలా ఉండే బెల్లం గొడౌన్‌లో దాచేడు. వెల్వెట్టు, రెక్సిను, అన్నీ మంచి సరుకే. కానీ ఎవరికి చూపించాలి? ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళు. తానుని చూడగానే సరుకెవరిదో చెప్పేస్తారు. ఈలోగా బెల్లం వాసనకి బట్టకి చీమలు పడుతున్నాయి.

"ఇంకెన్నాళ్ళు బావా? షావుకారు సూత్తే నా ఉద్యోగం పోతాది," అని పరదేశి గొణుగుతున్నాడు.

అప్పుడు కనబడింది, ఊరి వాట్సాప్ గ్రూపులో ఓ ప్రకటన. 'రింగురోడ్డులో కొత్తగా సోఫా షాపు పెడుతున్నాము. హోల్‌సేల్ బట్ట సరఫరా చేయువారు కావలెను.'

చిన్నబ్బాయి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఒక్కో తానులోంచీ ఓ శాంపిల్ ముక్క కత్తిరించుకుని వెళ్ళేడు.

ఖాళీ షాపులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని సూర్యకాంతమ్మ అనే పెద్దావిడ కూర్చుంది.

ఎంత బట్ట కావాలని చిన్నబ్బాయి అడిగితే, "ఒక సోఫాకి బట్టెంత పడతాది బాబూ?" అని ఆవిడే ఎదురడిగింది.

చిన్నబ్బాయికి నవ్వాగలేదు. తను వెతుకుతున్నది సరిగ్గా ఇలాంటి మనిషినే. ఒకప్పుడు కర్టెన్ల కొట్లో పనిచేసినవాడు కాబట్టి లెక్క ఓపిగ్గా చెప్పేడు. జాలేసి, "లేత రంగులు ఎక్కువ కుట్టించకండమ్మా, పిల్లలున్న ఇళ్ళలో తొందరగా మాసిపోతాయి," అని సలహా కూడా ఇచ్చేడు.

ఆవిడ శాంపిల్ ముక్కలు వేళ్ళతో నలిపి చూసింది. "బాగున్నాయి. ఉన్నదంతా తెచ్చీ బాబూ. బిల్లక్కర్లేదు, మాకింకా జీఎస్టీ నంబరు రాలేదు."

బిల్లు మాట ఎలా తప్పించాలా అని దారంతా బుర్ర బద్దలుకొట్టుకున్న చిన్నబ్బాయికి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు బావాబావమరుదులిద్దరూ చీమలు దులిపి, తానులన్నీ తెచ్చి షాపులో దింపేరు. ఆవిడ ఇద్దరికీ మజ్జిగిచ్చింది. ఒక్కో తానూ ఆప్యాయంగా తడిమి చూసుకుంటుంటే, కొత్త వ్యాపారం మోజు కాబోలనుకున్నాడు చిన్నబ్బాయి. ఈ సరుకు మూలాన రేపు పాపం ఆవిడకి పోలీసులతో చిక్కొస్తుందేమోనని కాసేపు మనసు పీకింది కూడా.

"బోర్డెప్పుడు కడతారమ్మా?" అన్నాడు, గ్లాసు కింద పెడుతూ.

వ్యాన్ వెనకాల ఆగిన పోలీసు జీపుకేసి ఆవిడ తలూపింది.

"బోర్డెందుకు బాబూ, విశాఖలో నాది ఎప్పట్నించో హోల్‌సేల్ వ్యాపారమే. మా గొడౌన్ పగలగొట్టినోడు తెలిసినోళ్ళకి అమ్మలేడు, కొత్తోళ్ళనే వెతుక్కుంటాడని, నీకోసం ఇక్కడ కొత్తదాన్నై కూర్చున్నాను."