గడప లోపలి ప్రేక్షకురాలు

“ఈవిడ చచ్చిపోతుంది,” అంది పెద్దక్క, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

“ఏ భాగంలో?” అన్నాడు ఎదుటి సీట్లోని బట్టతలాయన.

“సిరీస్‌లో కాదండీ. నిజంగా.”

ఆ ఆఫీసులో అందరి పనీ ఒకటే. ప్రేక్షకుల్లా నటించడం. ఒకప్పుడు బాగా ఆడిన సినిమాను ఇప్పుడు థ్రిల్లర్ సిరీస్‌గా తీసి, వారానికో భాగం చొప్పున టీవీలో వేస్తున్నారు. బయట బంగారం లాంటి మనిషి, ఇంట్లో పెళ్లానికి నరకం చూపించే మొగుడు. అదీ కథ. సినిమాలో ఆమె చివరికి చచ్చిపోతుంది. సిరీస్‌లో ఏమవుతుందో ఎవరికీ తెలీదు. నెట్‌లో దాని కింద కామెంట్లు రాసి, జనాన్ని రెచ్చగొట్టి, వారం పొడుగునా వేడి చల్లారకుండా చూసినందుకు వీళ్లకు జీతాలు.

తలా బోలెడు దొంగ పేర్లు. ఒకరు “ఇది సినిమా కాలిగోటికి సరిపోదు” అని రాస్తారు. ఇంకొకరు “నీకసలు కళ్లున్నాయా” అంటూ మీదపడతారు. ఎవరి పేర్లేమిటో పక్కవాళ్లకు చెప్పకూడదు. చెబితే పోట్లాటలో పస ఉండదని మేనేజర్ రూలు. అందుకే పెద్దక్క ఓసారి మధ్యాహ్నమంతా ఎవడితోనో హోరాహోరీ కొట్లాడి, టీ దగ్గర బట్టతలాయన నోరు జారాక వాడే వీడని తెలిసి తల పట్టుకుంది.

ఇంతమంది దొంగల మధ్య ఆమెకు ఒక్క నిజం మనిషి కనిపించింది. పేరు “గడప లోపల”.

“తలుపు విసిరికొట్టడం సినిమావాళ్ల పని,” అని రాసిందావిడ మొదట్లో. “అలాంటివాళ్లు తలుపు చప్పుడు కాకుండా వేస్తారు. గడియ కూడా మెల్లగా పెడతారు.”

ఇంకో రోజు, “ఆమె అన్నిసార్లు అరుస్తుందేమిటి? అరవదు. పక్కింటికి వినపడితే ఆ తర్వాత ఇంకా ఎక్కువ పడతాయి.”

అది చదివిన రోజు పెద్దక్కకు అన్నం సయించలేదు. తన దొంగ పేరుతోనే జవాబిచ్చింది. “అమ్మా, ఎక్కడుంటావు? నీ నంబరు పంపు.”

“ఫోన్ ఆయన దగ్గర ఉంటుంది.”

“మరి ఇవన్నీ ఎలా రాస్తున్నావు?”

ఆ ప్రశ్న దాటేసి మళ్లీ సిరీస్ సంగతే రాసిందావిడ. పగలే రాస్తుందా మనిషి. పొద్దువాలితే ఒక్క ముక్క ఉండదు. సెలవు రోజైతే అసలే కనపడదు. మొగుడు ఇంట్లో ఉండే వేళ కాబోలనుకునేది పెద్దక్క.

ఇవాళ రాసింది మరీ భయంగా ఉంది. “ఆఖరి భాగం వచ్చే వారమట. నేను చూస్తానో లేదో. నిన్న ఆయన నా గొంతు మీద చెయ్యి వేశాడు. నవ్వుతూనే వేశాడు.”

“పోలీసులకి చెబుదామా?” అని పక్క సీట్లోని టీచర్‌ని అడిగింది పెద్దక్క. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పి, ఇప్పుడు అందరి కామెంట్లలో అక్షరదోషాలు ఏరుతుంది కాబట్టి ఆమెకా పేరు.

“ఏమని చెబుతావక్కా? పేరు తెలీదు, ఊరు తెలీదు.”

“అబద్ధమంటావా?”

“నీకేమనిపిస్తోంది?”

“అబద్ధమాడేవాళ్లు ఇంతకంటే చాలా చెబుతారమ్మా. ఈవిడ చెప్పలేక చెబుతోంది.”

ఇక ఆగలేక పెద్దక్క మేనేజర్ గదిలోకి వెళ్లింది. ఎలాగైనా ఆ మనిషి ఆచూకీ తీయించండని బతిమాలింది. ఆ పేరు చూడగానే ఆయన కుర్చీ ఊగేలా నవ్వాడు.

“ఎంత అమాయకులమ్మా మీరు! ఆ పేరు పెట్టింది నేనే. మనవాళ్లదే. ఎవరిదో మాత్రం చెప్పను, రూలు రూలే. కానీ ఏం రాస్తున్నారండీ బాబూ! చానల్‌వాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారట.”

ఒక ప్రాణానికి ముప్పు తప్పిందని పెద్దక్కకు ముందు హాయిగా అనిపించింది. ఆ వెనకే ఒళ్లు మండిపోయింది. తిండీ నిద్రా మానుకుని తను ఇన్నాళ్లూ కుమిలింది ఒక దొంగ ఏడుపుకా! సీట్లోకొచ్చి కసిగా టైపు కొట్టింది. “నీ నాటకం తెలిసిపోయింది తల్లీ. ఏడిపించింది చాలు, ఇక కట్టిపెట్టు.”

సంగతి విని ఆఫీసంతా గొల్లున నవ్వింది.

“ఒట్టు, నేను మాత్రం కాదు,” అన్నాడు బట్టతలాయన. “అలా రాయడమే వస్తే నాకీ ఖర్మేంటి?”

టీచర్ కూడా నవ్వింది. కాసేపయ్యాక, “నిజమై ఉంటే ఏం చేసేదానివక్కా?” అని అడిగింది.

“ఏం చేస్తాను? ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, చెయ్యి పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చేదాన్ని. నాకు మాత్రం ఎవరున్నారు గనక! పోనీలే, పీడ వదిలింది.”

సాయంత్రం ఒక్కొక్కరే లేచారు. కింద బండి హారన్ మోగింది. రోజూ వేళ తప్పకుండా వచ్చి తీసుకెళ్లే మొగుడు ఎంతమందికి దొరుకుతాడని అందరూ టీచర్‌ని ఆటపట్టిస్తుంటారు. ఇవాళ ఆమె కదల్లేదు. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“మీ ఆయన వచ్చాడే, వెళ్లవా?” అంది పెద్దక్క, చెప్పులు వేసుకుంటూ.

“పేరొక్కటే దొంగది అక్కా, రాసిందంతా మా ఇంట్లో జరిగేదే,” అంది టీచర్.